గడప లేని శ్రావణం

సర్వజిత్తు సంవత్సరం, ఆషాఢ అమావాస్య. కోదాడలో వడ్రంగం చేసే వడ్ల గురవయ్య భార్య అచ్చమ్మ పొద్దున్నే బూరెలకు శనగపప్పు నానబోసింది. తెల్లారితే శ్రావణం. శ్రావణం వస్తే కూతురు రుక్కమ్మను సూర్యాపేటకు, అత్తగారింటికి పంపాలి.

రుక్కమ్మకు జ్యేష్ఠంలో పెళ్ళయింది. మొగుడి మొహం నిండా పదిహేను రోజులు చూసిందో లేదో, ఆషాఢం వచ్చిపడింది. ఆషాఢంలో అత్తా కొత్తకోడలూ ఒకే గడప దాటొద్దు. కొత్తల్లుడు అత్తగారింటి గడప తొక్కొద్దు. తొక్కితే ఇద్దరిలో ఒకరికి గండం. అందుకని పిల్లను పుట్టింటికి తెచ్చుకున్నారు. అల్లుడు లింగస్వామి కూడా వడ్రంగే. పెళ్ళాం లేని ఇంట్లో వీడు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాడని వాళ్ళమ్మ ఈదమ్మ అతణ్ణి మిర్యాలగూడకు, కొత్తగా కడుతున్న బియ్యం మిల్లు పనికి పంపింది. తల్లి సూర్యాపేటలో, కొడుకు మిర్యాలగూడలో, కోడలు కోదాడలో. ముగ్గురూ మూడు ఊళ్ళ పాలయ్యారు.

"ముప్పై రోజులే గద" అన్నారు అందరూ. అచ్చమ్మ మాత్రం అనలేదు. ముప్పై రోజుల్లో ఏమేం జరగొచ్చో ఆమెకు బాగా తెలుసు. అల్లుడు మిల్లు కప్పు మీది నుంచి జారిపడొచ్చు. బాడిస జారి కాలి మీద పడొచ్చు. నీళ్ళు పడక జ్వరం రావొచ్చు. అవేవీ కాకపోతే మిర్యాలగూడలో ఏ మాయలాడి పూటకూళ్ళమ్మో అన్నంలో నెయ్యి ఎక్కువ వెయ్యొచ్చు. ఈ నెల రోజులూ అవన్నీ వరసగా తలుచుకుని, ఒక్కటీ జరగనందుకు ఆశ్చర్యపోతూ అమావాస్య దాకా లాక్కొచ్చింది.

ఆ పూట గుడి అయ్యగారు వీధిలో పోతూ ఆగాడు.

"ఏమమ్మా అచ్చమ్మా, పప్పు నానబోసినవ్, ఏంది సంగతి?"

"పిల్లను పంపుతున్నం అయ్యగారూ. రేపు శ్రావణమే గద."

"శ్రావణమే. కానీ అధిక శ్రావణం. ఈయేడు రెండు శ్రావణాలొచ్చినయి. మొదటిది ఏ మంచి పనికీ పనికిరాదు. పిల్లను పంపేది అసలు శ్రావణంలనే. ఇంకో ముప్పై దినాలు ఆగాలె. ఉగాది నాడు పంచాంగం చదివినప్పుడు చెప్తిని గద, నువ్వు వినలేదా?"

అచ్చమ్మ వినలేదు. ఉగాది నాడు తన రాశికి ఏమేం గండాలున్నాయో అంతవరకు విని, మిగతాది వినే ధైర్యం లేక లేచి వచ్చేసింది.

ఆ పప్పు గిన్నె ముందర అట్లాగే కూలబడింది. లోపల ప్రయాణానికి చీరలు సర్దుకుంటున్న రుక్కమ్మకు ఆ మాట వినబడింది. మడత పెట్టిన చీర విప్పి, మళ్ళీ మడత పెట్టి, మళ్ళీ విప్పింది.

*

రుక్కమ్మకు చదువు రాదు. లింగస్వామికి కొయ్య మీద గీతలు గీసుకునేంత వచ్చు, ఉత్తరం రాసేంత రాదు. అయినా ఆ నెలంతా వాళ్ళిద్దరూ ముచ్చట్లు మానలేదు.

వారానికోసారి అంజన్న నడిపే సూర్యాపేట బస్సులో లింగస్వామి దగ్గరి నుంచి ఏదో ఒక కొయ్య వస్తువు వచ్చేది. మిర్యాలగూడలో ఎక్కి, సూర్యాపేటలో బస్సు మారి, కోదాడలో దిగేది. మొదట దువ్వెన వచ్చింది. తర్వాత కవ్వం. ఆ తర్వాత కుంకుమ భరిణె, దాని మూత మీద చిలుక. రుక్కమ్మ వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. "ఈ వారం టేకు పని చేసిండు" అనేది. మరో వారం "ఇది వేప. దర్వాజలు అయిపోయినట్టున్నయి, కిటికీలు పట్టిండు" అనేది. గురవయ్య పక్కన కూర్చుని బండిచక్రం ఆకులు చెక్కుతూ, "నా బిడ్డ వాసనతోనే లెక్కజెప్తది, మేస్త్రీలు పనికిరారు" అని మురిసిపోయేవాడు.

తిరుగు బస్సులో రుక్కమ్మ జొన్న మురుకులు పంపేది. మూట మీద ఒక పసుపు దారం కట్టేది. ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో ఆ దారానికి అన్ని ముడులు. మొదటి మూటకు ఇరవై ఆరు. తర్వాత పంతొమ్మిది. తర్వాత పన్నెండు.

ఆ దారం అచ్చమ్మ కంట పడిన రోజు ఇల్లు దద్దరిల్లింది.

"పసుపు దారానికి ముడులేసి మొగనికి పంపుతవా? ఎవరన్న చూస్తే ఏమనుకుంటరే? కొత్త పెండ్లాం మందు పెట్టిందంటరు! మీ అత్త చూసిందంటే నిన్ను ఇంట్లకు రానిస్తదా?"

"దినాలు లెక్క పెట్టుకునేటందుకమ్మా."

"నోటితోని లెక్క పెట్టుకోరాదూ!"

"నోటితోని నేను పెడితే ఆయనకు మిర్యాలగూడల ఎట్ల ఇనబడ్తది?"

ఆ రోజు నుంచి అచ్చమ్మ మూట బస్సులోకి చేరేదాకా కొంగు కప్పి తనే మోసుకుపోయేది.

అమావాస్యకు ముందు వెళ్ళిన దారానికి ఐదు ముడులున్నాయి. అయ్యగారు కబురు చెప్పాక, వారం నిండక ముందే పంపిన దారానికి రుక్కమ్మ ముప్పై ముడులు వేసింది. ఒక్క పొద్దంతా పట్టింది. మధ్యలో రెండుసార్లు లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి వేసుకుంది. ఆ వారం మురుకులు కూడా సరిగ్గా కాలలేదు.

మరుసటి వారం బస్సులో ఏమీ రాలేదు.

*

అంజన్న వట్టి చేతులు చూపించగానే అచ్చమ్మకు లోకం తలకిందులైంది. ఇన్నాళ్ళూ వరసగా తలుచుకున్నవన్నీ ఒక్కసారే జరిగినట్టనిపించింది. కప్పు మీది నుంచి పడ్డాడు. జ్వరమొచ్చింది. పూటకూళ్ళమ్మ నెయ్యి పనిచేసింది. రోడ్డు మీద రజాకార్లు ఆపి ఉంటారని కూడా ఒకటి కలుపుకుంది. ఎందుకంటే ఆ రోజుల్లో జనం రోజూ అదే మాట చెప్పుకుంటున్నారు.

"ఏమయ్యా, నువ్వు మిర్యాలగూడ పోయి చూసి రా" అని గురవయ్య మీద పడ్డది.

"ఒక్క వారం రాకపోతేనే?"

"ఒక్క వారమే? మా మేనత్త కూతురు ఆషాఢంల మొగుణ్ణి చాటుగా ఇంట్లకు రానిచ్చింది, దసరాకు వాళ్ళత్త పోయింది. ఒక్క గడప దాటినందుకే! వారం అంటే ఎన్ని గడపలు?"

"ఆ ముసలామె మూడేండ్ల నుంచి మంచంలనే ఉండె గదనే."

"ఉంటే? మంచంల ఉన్నోళ్ళందరు పోతున్నరా?"

వాళ్ళట్లా వాదులాడుకుంటుండగా ఎదురింటి సైదమ్మ వీధిలోంచి కేక వేసింది. "అక్కా! అచ్చమ్మక్కా! మీ అల్లుడొచ్చిండే! మీ ఇంటి ముంగట ఎండల నిలబడ్డడు, జర చూడరాదూ!"

అచ్చమ్మ పరుగున వచ్చింది. వాకిట్లో లింగస్వామి. భుజాన సంచి, సంచిలోంచి బయటికి రంపం పిడి. మోకాళ్ళ దాకా బురద. కొంత దూరం బండి మీద, కొంత దూరం నడిచి వచ్చాడని చూస్తేనే తెలుస్తోంది. చేతిలో ఒక పసుపు దారం. ముప్పై ముడుల దారం.

"అత్తమ్మా, ఇది నిజమేనా? ఇంకా ముప్పయ్యా?" అన్నాడు. నమస్కారం లేదు, క్షేమం అడగడం లేదు.

"నిజమే నాయనా. అధిక శ్రావణం వచ్చింది" అని చెప్పి, వెంటనే రెండు చేతులూ అడ్డం చాచింది. "ఆగు ఆగు! గడప తొక్కకు!"

"తొక్కను అత్తమ్మా. ఈడనే నిలబడ్త."

నిలబడ్డాడు. లోపల, నడింట్లో, రుక్కమ్మ వచ్చి నిలబడింది. నడుమ అచ్చమ్మ, అచ్చమ్మ కాళ్ళ దగ్గర గడప. ఇద్దరూ ఆమె భుజాల మీది నుంచి ఒకరినొకరు చూసుకుంటున్నారు. అచ్చమ్మ పొట్టి మనిషి, వాళ్ళకేం కష్టం కాలేదు.

"మురుకులు మాడినయి ఈసారి" అన్నాడు లింగస్వామి.

"తిన్నవా మరి?"

"అన్నీ తిన్న."

"మాడినయి ఎందుకు తిన్నవ్?"

"నువ్వు పంపితే ఎందుకు తినను?"

సైదమ్మ ఎదురింటి అరుగు మీద చేరగిలబడి, "అక్కా, నువ్వు జర పక్కకు జరుగు, వాళ్ళకు అడ్డమయితున్నవ్" అని నవ్వింది. అప్పటికే వీధిలో ఇంకో నలుగురు ఆడవాళ్ళు చేరారు. అచ్చమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్ల మొహం చూసింది. పది రోజులుగా వాడిపోయి ఉన్న మొహం అది. ఇప్పుడు మాడిన మురుకుల గురించి తగువులాడుతూ వెలిగిపోతోంది.

కొత్తల్లుణ్ణి ఎండలో నిలబెట్టి పంపితే లోకం ఏమంటుంది? లోపలికి రానిస్తే గండం ఎవరికి? తనకైతే ఫరవాలేదు. పిల్లవాడికైతే? పిల్ల గతేం గాను? ఆ ఆలోచనతో అచ్చమ్మ చేతులు అడ్డం చాచినవి చాచినట్టే ఉండిపోయాయి.

చివరికి అరుగు మీద చాప వేసి, ఆకు వేసి, అక్కడే అన్నం పెట్టింది. గడప లోపలి నుంచి చెయ్యి చాచి వడ్డించింది. పప్పు సగం ఆకులో పడింది, సగం అరుగు మీద.

*

తిన్న తర్వాత లింగస్వామి ఊరికే కూర్చోలేక ద్వారబంధం వైపు చూశాడు. వడ్రంగి కళ్ళు కొయ్యను చూడకుండా ఉండలేవు. చూసి, లేచి, వంగి, గడప ఎడమ కొసను వేలి కణుపుతో తట్టాడు. డొల్ల చప్పుడు వచ్చింది. గోటితో గీరాడు. లోపలి నుంచి మన్ను రాలింది.

"మామా, గడపకు చెదలు పట్టింది."

గురవయ్య తల గోక్కున్నాడు. ఊరందరికీ దర్వాజలు చేసే మనిషి, సొంత ఇంటి గడప వంక పదేళ్ళుగా చూడలేదు. "ఎప్పటికప్పుడు చేద్దమనుకుంట…" అని నసిగాడు.

"కొసకే పట్టింది. కానీ నిలువు కమ్మీకి ఎక్కితే…" అన్నాడు లింగస్వామి.

"ఎక్కితే?" అన్నది అచ్చమ్మ.

"పైన దూలం బరువంతా దాని మీదనే గద అత్తమ్మా."

ఇంక చెప్పాల్సింది లేకపోయింది. అచ్చమ్మ కళ్ళ ముందు దూలం విరిగింది, కప్పు కూలింది, పిల్ల దాని కింద పడింది, ఊరు ఊరంతా వచ్చి తవ్వుతోంది. ఇవన్నీ ఆమె ఒక్క రెప్పపాటులో చూసేసింది.

"తీసెయ్! ఇప్పుడే తీసెయ్!"

"అత్తమ్మా, పది దినాలు ఆగినా…"

"పది దినాలా! నా బిడ్డ రోజుకు ఇరవై మార్లు దాని మీది నుంచి నడుస్తది. బయటి నుంచే కొయ్యొచ్చు గద? నువ్వు తొక్కకుండ కొయ్యి!"

లింగస్వామి బయట కూర్చున్నాడు, గురవయ్య లోపల కూర్చున్నాడు. మధ్యలో గడప మీద రంపం నడిచింది, ఒకడు లాగితే ఒకడు నెట్టాడు. పొద్దు కొంచెం వాలేసరికి గడప రెండు ముక్కలై కమ్మీల నుంచి ఊడి వచ్చింది. ఎడమ ముక్క చేతిలో అటుకుల్లా పొడి అయిపోయింది. చూడవచ్చిన ఆడవాళ్ళంతా "అమ్మో" అన్నారు. అచ్చమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని, "చూసిండ్రా? నేను చెప్పలే?" అంది. ఆమె భయపడింది ఒక్కసారైనా నిజమైనందుకు ఆమె మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది.

"మరి కొత్తది?" అని అడిగింది.

"నల్లమద్ది మొద్దు ఉన్నది ఇంట్ల" అన్నాడు గురవయ్య. "రేపు పొద్దుగూకే వరకు చెక్కుత."

"చెక్కుతవు సరే. ఎక్కించుడు ఎప్పుడు? ముహూర్తం?"

గురవయ్య రంపం కింద పెట్టాడు. లింగస్వామి నేల చూశాడు. సైదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గడప ఎక్కించడమంటే ఉట్టి పని కాదు. పసుపు, కుంకుమ, ముహూర్తం అన్నీ కావాలి. అధిక మాసంలో ఏ ముహూర్తమూ ఉండదు. పిల్లను పంపకూడదన్న ఆ నెలే, గడప పెట్టకూడదని కూడా అంటుంది.

"అయితే…" అన్నది అచ్చమ్మ.

"అయితే అసలు శ్రావణం వచ్చేదాక ఈ ఇంటికి గడప లేదు" అన్నాడు గురవయ్య.

ముందు రుక్కమ్మ నవ్వింది. లోపలి గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత సైదమ్మ. తర్వాత వీధి మొత్తం.

"ఏందే ఆ నవ్వు?" అని కసిరింది అచ్చమ్మ.

"గడపే లేనింట్ల గడప తొక్కుడేందక్కా!" అన్నది సైదమ్మ.

అచ్చమ్మ నిలబడిపోయింది. తన ముందర తలుపు ఉంది, తలుపు అవతల అల్లుడు ఉన్నాడు. నడుమ తొక్కడానికి ఏమీ లేదు. ఆమె కోరికల్లో ఇది లేదు, ఆమె భయాల్లో కూడా ఇది లేదు. ఒక భయం ఇంకో భయాన్ని ఎట్లా మింగేసిందో ఆమెకు అర్థం కాలేదు.

కానీ వెంటనే ఇంకొకటి పుట్టింది.

"అయ్యో! గడప లేనింట్లకు పామొస్తే? కుక్కలొస్తే? ఎవరు పడితే వాళ్ళొస్తే? ఈ మనిషి పండుకుంటే పక్కల డప్పు కొట్టినా లేవడు!"

"నేను మిర్యాలగూడ పోవాలె అత్తమ్మా, మిల్లు పని…" అన్నాడు లింగస్వామి మెల్లగా.

"యాడికి పోతవ్?" అన్నది అచ్చమ్మ. ఆమెకు తెలియకుండానే గొంతు పెరిగింది. "ఇంటికి గడప పీకి పెట్టి పోతవా? గడప మళ్ళ పెట్టేదాక ఈ ఇల్లు కావలి కాయాల్సింది నువ్వు కాదా? మిల్లోళ్ళకు నేను కబురు పంపుత. రా లోపలికి! కాళ్ళు కడుక్కో!"

లింగస్వామి కాళ్ళు కడుక్కున్నాడు. గడప ఉండాల్సిన చోట ఒక్క క్షణం ఆగాడు. ఆ మన్ను నేలను చూసి, దండం పెట్టి లోపలికి వచ్చాడు. అచ్చమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచి చూస్తే అతను బతికే ఉన్నాడు. తనూ బతికే ఉంది. పిల్ల చెంబుతో నీళ్ళు ఇస్తోంది, చెంబు అందుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రం చక్రాల కొట్టంలో గురవయ్య అల్లుణ్ణి పక్కకు పిలిచాడు. "అల్లుడా, నిజం చెప్పు. అధికంల ముహూర్తం ఉండదని నీకు తెల్వదా?"

"తెల్వదు మామా."

"మరి రంపం మిర్యాలగూడ నుంచి ఎందుకు మోసుకొచ్చినవ్?"

"వడ్లోని సంచిల రంపం లేకుండ ఎట్ల మామా."

గురవయ్య అతని మొహంలోకి చూసి, ఒక బీడీ ఇచ్చాడు.

*

ఊరంతటి దర్వాజల్లో అంత నెమ్మదిగా తయారైన గడప ఇంకోటి లేదు. గురవయ్య ఒక్క రోజులో చెక్కే గడపను లింగస్వామి ఇరవై రోజులు చెక్కాడు. పొద్దున కొంచెం చిత్రిక పట్టేవాడు. రుక్కమ్మ వచ్చి పక్కన కూర్చునేది. ఆమె కూర్చుంటే ఉలి ఆగేది. కొయ్య మీద పువ్వులు వద్దు, తీగ కావాలనేది ఆమె. తీగ గీస్తే మధ్యలో చిలుక కావాలనేది. చిలుక గీస్తే దానికి జోడు ఏదనేది. సైదమ్మ రోజూ వచ్చి, "ఇంకా కాలేదా గడప? ఇట్ల చేస్తే మిల్లోళ్ళు కూడా మీ ఇంటికే వస్తరు" అని ఎకసెక్కాలాడి పోయేది.

అచ్చమ్మ మాత్రం తలుపు దగ్గర నుంచి కదలలేదు. గడప ఉండాల్సిన చోట రోజూ అలికి ముగ్గు వేసింది, ఆ ముగ్గు గడపగా లెక్కకొస్తుందేమోనని భయపడి మళ్ళీ తుడిచేసింది. పగలంతా లోపల అల్లుడి నవ్వు వినబడుతుంటే, ఇంత నవ్వు ఒక ఇంట్లో ఉండటం మంచిదేనా అని అనుమానపడింది. కానీ మూడో రోజుకే ఆ నవ్వు వినబడకపోతే "ఏమైంది, ఏమైంది?" అని లోపలికి తొంగిచూడటం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చింది ఈదమ్మ. అల్లుడి తల్లి. అంజన్న బస్సు దిగి, చంకలో మూటతో గబగబా వీధిలోకి వచ్చింది. కొడుకు కోదాడలో ఉన్నాడని అంజన్నే సూర్యాపేటలో చెప్పేశాడు.

అచ్చమ్మకు ఇంతకాలం తను భయపడిన గండం చీర కట్టుకుని బస్సు దిగి వచ్చినట్టనిపించింది.

"వదినా!" అన్నది ఈదమ్మ వాకిట్లో నిలబడే. "నా కొడుకు మిర్యాలగూడల మిల్లు కడ్తున్నడనుకుంటే ఈడ గడప చెక్కుతున్నడట! నెల అధికం అని తెల్వదా? అత్తగారింట్ల అల్లుడు ఉండొచ్చునా? నువ్వు పెద్దదానివి, గిట్ల చేయొచ్చా?"

మొన్నటిదాకా అచ్చమ్మ కూడా ఇవే మాటలు అనుకుంది. కానీ ఇంకొకరి నోట వింటే ఆమెకు కోపమొచ్చింది.

"ఏం చేసిన వదినా? గడపకు చెదలు పట్టింది. తియ్యకపోతే నా బిడ్డ మీద దూలం పడేది. నీ కొడుకు తీసిండు. పెట్టాలంటే ముహూర్తం లేదు. గడప లేనింట్ల నా బిడ్డను ఒక్కదాన్నే ఉంచుదునా? నువ్వైతే ఉంచుతువా? పాము రాదా? దొంగ రాడా?"

"వస్తడు వస్తడు" అని గురవయ్య వెనక నుంచి గొణిగాడు. "వచ్చిండు కూడా, కొయ్య చెక్కుతున్నడు."

"నువ్వు నోరు ముయ్యి" అన్నారు వియ్యపురాళ్ళిద్దరూ ఒకేసారి. అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఈదమ్మ కిందికి చూసింది. గడప లేదు. లోపలి నుంచి కోడలు వచ్చి, అత్తను చూసి తల దించుకుని నిలబడింది. ఆ పిల్ల మొహం చూసి ఈదమ్మ గొంతు మారింది.

"నీకేం వదినా, నీ ఇంట్ల నలుగురున్నరు" అన్నది మెల్లగా. "నేను సూర్యాపేటల ఒక్కదాన్ని. పదిహేను దినాలు కోడలొచ్చి ఇంట్ల మాట్లాడింది. అటెన్క ఇల్లు మూగవడ్డది. ఒక్కదానికి వండుకుంటే సగం కుక్కకే పోతున్నది. తిట్టవొచ్చిన గని, పిల్లను చూసి పోదమని గూడ వొచ్చిన."

అచ్చమ్మ ఇన్ని రోజులు మొగుడూ పెళ్ళాల దూరమే చూసింది. సూర్యాపేటలో ఒక్కతే కూర్చున్న ఈ మనిషి దూరం ఆమె తలలోకే రాలేదు. ఎంత సేపూ ఆమె గండం గురించి భయపడింది కానీ, ఆ గండం ఎవరి మీద పడుతుందో ఆ మనిషి ఏం తింటుందో ఎన్నడూ అనుకోలేదు.

"లోపలికి రా వదినా" అన్నది. "అత్తా కోడలూ ఒక గడప దాటొద్దంటరు. గడపే లేదు. రా. రోజూ నలుగురికి వండేదే, ఆరు గింజలు ఎక్కువేస్త."

ఈదమ్మ మూట చంకలోంచి తీసి, లోపల నిలబడ్డ కోడలి చేతికి అందించింది. ఆ తర్వాత తను వచ్చింది.

ఈసారి అచ్చమ్మ కళ్ళు మూసుకోలేదు. ఆమెకు పొయ్యి మీద అన్నం గుర్తొచ్చింది.

*

అసలు శ్రావణం మొదటి శుక్రవారం పొద్దున గడప ఎక్కింది. తీగ మధ్యలో రెండు చిలుకలు. అయ్యగారు మంత్రం చదివాడు. పసుపు కుంకుమలు అద్దారు. ఊళ్ళో సగం మంది వచ్చి, నల్లమద్దిని తట్టి చూసి, "గట్టిగున్నది" అన్నారు. గురవయ్య ప్రతి ఒక్కరికీ "మా అల్లుడు చెక్కిండు" అని చెప్పాడు.

మధ్యాహ్నం అంజన్న బస్సులో ప్రయాణం. రుక్కమ్మ, లింగస్వామి, ఈదమ్మ. మూటలు బస్సు మీద కట్టారు. అప్పుడే అచ్చమ్మకు మొదలైంది.

"వాన పడ్తదేమో. ఒర్రెల నీళ్ళొస్తే? ఆ మునగాల దగ్గర మన నైజాం కాదట, వేరే సర్కారట, అటు దాటి మళ్ళ ఇటు దాటాలె. రెండు దిక్కుల సుంకం వసూలు చేసే కరోడ్‌గిరోళ్ళు మూటలిప్పుతరు. పిల్ల గాభరా పడ్తది. బస్సు చక్రం ఊడితే…"

"వదినా" అన్నది ఈదమ్మ బస్సు మెట్టు మీద నిలబడి. "నువ్వూ ఎక్కు."

"నేనా? బస్సా? అమ్మో! నేను ఎన్నడూ ఎక్కలే!"

"పిల్లను పంపి ఈడ కూసోని పరేషాన్ అయ్యేటిదానికి, ఆడికొచ్చి కూసోని పరేషాన్ గా! పది దినాలు ఉండిపో. నాకూ మాట్లాడనీకె మనిషి దొరుకుతది."

అచ్చమ్మ మొగుడి వైపు తిరిగింది. గురవయ్య చేతులు ఎత్తేశాడు. "పో. నువ్వు పోతే ఈడ నాకు జర నిశ్చింత."

"మరి నీ బువ్వ?"

"సైదమ్మ పెడ్తది."

"సైదమ్మ కూరల ఉప్పు ఎక్కువేస్తది. నీకు దప్పిక అయితది. దప్పికైతే బాయి కాడికి పోతవ్. బాయి కాడ జారుతది…"

"ఎక్కు తల్లీ!" అని అరిచాడు అంజన్న. "పొద్దుగూకుతున్నది!"

లింగస్వామి చెయ్యి అందించాడు. రుక్కమ్మ వెనక నుంచి నెట్టింది. అచ్చమ్మ ఎక్కింది. ఈదమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. బస్సు కదలగానే అచ్చమ్మ కళ్ళు మూసుకుంది.

చాలాసేపు అట్లాగే పోయింది. బస్సు ఊగింది, ఆగింది, ఎవరో మూటలు విప్పించారు, మళ్ళీ కట్టించారు. బయట, తెల్లదొరల రాజ్యం పోయి వారమే అయిన మునగాలలో, పిల్లలు గట్టిగా అరుస్తున్నారు, జెండా, జెండా అని. అచ్చమ్మ కళ్ళు తెరవలేదు. కొంచెంసేపటికి పక్కన ఈదమ్మ చెయ్యి కూడా తన చేతిని గట్టిగా నొక్కుతోందని తెలిసింది.

"వదినా, నువ్వెందుకు గట్టిగ పట్టుకున్నవ్?"

"నాకూ ఈ ఒర్రె కాడ భయమే. నేను గూడ కళ్ళు మూసుకున్న" అన్నది ఈదమ్మ.

"ఎవరికీ చెప్పలే నువ్వు!"

"నువ్వు అడగలే గద."

బస్సు కిందికి దిగింది, పైకెక్కింది. నీళ్ళ చప్పుడు వెనకబడిపోయింది.

"దాటినమా?"

"దాటినట్టున్నది."

"ఏం కాలేదా?"

"ఏం కాలేదు."

అచ్చమ్మ ఒక్క కన్ను తెరిచి ముందుకు చూసింది. ముందు వరసలో రుక్కమ్మ కిటికీ పక్కన కూర్చుంది, లింగస్వామి ఆమె పక్కన. కిటికీలోంచి వచ్చే చినుకులకు ఇద్దరి మొహాలూ తడిసిపోయి ఉన్నాయి. కిటికీ మూసుకుందామన్న ఆలోచన ఇద్దరిలో ఏ ఒక్కరికీ ఉన్నట్టు లేదు.

అప్పుడు ఆమె రెండో కన్ను కూడా తెరిచింది.